పొదుగువాపు - మందునకు లొంగని సూక్ష్మజీవులు

పెరుగు పేరుకొనని దినమున నింటి కోడలికి మాట దప్పదు. పాలు చల్లాఱక మునుపే చేమిరి వేసితివనియు, చేమిరి చాలలేదనియు, చేయి మంచిది కాదనియు పెద్దలు పలువిధముల ననుచుందురు. రెండు సంవత్సరముల క్రిందట మా పొరుగింటి కోడలు వరుసగా మూడు దినము లిట్టి మాటలు పడినది. నాలుగవనాటి యుదయమున నామె గిన్నె చేతబట్టుకొని మా పెరటి తలుపుకడకు వచ్చి, "అక్కయ్యగారూ, మీ యింట పెరుగు పేరుకొనుచున్నదా?" యని మెల్లగా నడిగినది. ఆ యింటికి వాడుకపాలు పోయుచున్నది మేమే. మా యింట పెరుగునకు గేదెపాలు వాడుదుము గావున నాకా చిక్కు తెలియలేదు. కాని యామె యడిగిన క్షణముననే కారణము స్ఫురించినది. స్ఫురించియు నప్పుడు చెప్పలేకపోతిని. అప్పుడు చెప్పలేని యా సమాధానమును సోదరీమణులందఱకును విన్నవింపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా యావు జెర్సీ సంకరజాతిది. రెండవమాఱు ఈనిన పిదప రెండవ నెలలో నొకనాడు దాని పొదుగు వెనుక కుడిభాగము వాచి, వేడెక్కి, చేయి తగిలినంతనే కాలు జాడింపసాగినది. పిదికినచో పాలకు బదులు తరకలు తరకలుగా విఱిగిన నీరు వచ్చెను. మా వారు బడికి పోయియుండిరి. పశువైద్యశాల చూడబోయిన దూరము. వెనుకటి సంవత్సరము వాడగా మిగిలిన మందు ట్యూబులు రెండు బీరువాలో నుండెను. వానిని చన్నులోని కెక్కించి, మందుల దుకాణమునుండి సూదిమందు తెప్పించి, తెలిసిన కుఱ్ఱవానిచేత వేయించితిని. రెండు దినములలో వాపు తగ్గినది, పాలు తెల్లబడినవి. ఇంక మందెందులకని మానితిని. జబ్బుచేసిన చన్ను పాలు మాత్రము పాఱబోసి, తక్కిన మూడింటి పాలు ఎప్పటివలెనే పొరుగింటికి పోసితిని. ఇందులో నేను చేసిన ప్రతిపనియు తప్పేయని యప్పుడు నాకు తెలియదు.

ఇరువది దినములు గడవకమునుపే వాపు మఱల వచ్చినది. ఆ మందునే మఱల వాడితిని. ఈ పర్యాయము గుణము లేదు. అప్పుడు పశువైద్యుని పిలిపించితిమి. ఆయన చన్నుమొనను శుభ్రపఱచి, కొన్ని ధారలు విడిచి, పిమ్మట వచ్చిన పాలను శుద్ధిచేసిన సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపెను. స్టాఫైలోకోకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి యా పాలలో నున్నదనియు, నేను వాడిన పెనిసిలిన్ జాతి మందునకు అది లొంగదనియు తేలినది. "దానికి లొంగకుండ నేర్పినది నేనేనా?" యని యడిగితిని. "మొదటినుండియు లొంగనిదే కావచ్చును, నడుమ నట్లైనను కావచ్చును. మందు వేయకమునుపే పరీక్షించియుండిన తెలిసెడిది" అని యాయన యనెను. వేఱొక మందుతో నావు బ్రదికినది. కాని యా చన్ను ఎండిపోయినది. నేటికిని అది మూడు చన్నుల పాలే యిచ్చుచున్నది. దాని పొదుగును చూచినప్పుడెల్ల నా తొందరపాటు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఈ వ్యాధి యెట్లు కలుగునో మొదట తెలిసికొందము. ఆవు పొదుగునందు నాలుగు భాగములు వేఱువేఱుగా నుండును; ఒకదాని పాలు మఱియొకదానిలోనికి పోవు. ప్రతిచన్నుకొనయందును సన్నని రంధ్రము కలదు. పాలు పిదికిన వెంటనే యది మూసికొనదు. కొంతసేపు తెఱచియే యుండును. ఆ సందున సూక్ష్మజీవులు లోని కెక్కును. వానిని ఎదుర్కొనుటకు రక్తమునందలి తెల్లకణములు పొదుగులోనికి వచ్చి చేరును. ఆ పోరాటమే వాపు. ఈ సూక్ష్మజీవులు రెండు తెగలు. పేడలోను, తడినేలలోను, మురికి గడ్డిలోను నుండి వచ్చునవి యొక తెగ; ఇ. కోలై అట్టిది. ఒక యావు పొదుగునుండి మఱియొక యావు పొదుగునకు పిదుకువారి చేతులవలనను, తుడుచు గుడ్డవలనను ప్రాకునవి రెండవ తెగ. పైని చెప్పిన స్టాఫైలోకోకస్ ఈ రెండవ తెగలోనిది. భూతద్దమున ద్రాక్షగుత్తివలె కానవచ్చుటచే 1880 ప్రాంతముల నా పేరు పెట్టిరి. ఆరియస్ అనగా బంగారువన్నె గలది. పేరు బంగారమే గాని గుణము మాత్రము కాదు.

ఈ సూక్ష్మజీవులను చంపు మందులనే యాంటీబయాటిక్కులందురు. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగు ఒక బూజునుండి పెనిసిలిన్ కనుగొనెను. పండ్రెండేండ్ల తరువాత ఆక్సుఫర్డులో ఫ్లోరీ, చెయిన్ అనువారు దానిని మందుగా సాధించిరి. 1945లో ముగ్గురికిని నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ సందర్భమున ఫ్లెమింగు చేసిన యుపన్యాసములో నొక కల్పితకథ చెప్పెను. ఒకడు గొంతునొప్పి వచ్చి, తనంత తానే పెనిసిలిన్ కొని, చాలీచాలనంతగా పుచ్చుకొనును. వాని గొంతులోని సూక్ష్మజీవులు చావక, మందును తట్టుకొనుట నేర్చికొనును. అవి వాని భార్యకు సోకును. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు పెనిసిలిన్ ఇచ్చినను పనిచేయక, ఆమె మరణించును. మందును కనుగొన్నవాడే మందును గుఱించి యిట్లు హెచ్చరించెను. పొరపాటు చేసినది భర్త, ప్రాణము పోగొట్టుకొన్నది భార్య యనుట మనము గమనింపదగినది.

మన తెలుగువారి పేరును ఈ కథలో కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన కాలమున, అచ్చటి డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. 1948లో నది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. పెనిసిలినునకు లొంగని పెక్కు రోగములకు అది సంజీవనియైనది. కాని కొలది కాలములోనే దానిని పశువుల మేతలో కలిపిన త్వరగా పెరుగునని కనుగొని, రోగము లేని పశువులకు సైతము దినదినము పెట్టసాగిరి. ప్రాణదాయకమైన మందు తవుడు చిట్టులతో సమానమైనది. ఆ జాతి మందులకు లొంగని సూక్ష్మజీవులు నేడు పశుశాలలలో సర్వసాధారణము.

సూక్ష్మజీవులు మందునకు లొంగకపోవుట యెట్లు? అనుకూలమైన తావున కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఆ లెక్కను ఒక్కటి 10 గంటలలో 100 కోట్లకు మించును. ఇన్నింటిలో నెక్కడనో యొకదానికి మందును తట్టుకొను గుణము దైవికముగా నబ్బును. మందు పడినప్పుడు తక్కినవి చచ్చును. ఇది మిగిలి, ఖాళీయైన చోటంతయు తన సంతతితో నింపును. పెనిసిలినును త్రుంచివేయు నొక పదార్థమును కొన్ని సూక్ష్మజీవులు తయారుచేయునని 1940లోనే, అనగా ఆ మందు ప్రజలకు అందకమునుపే, ఆక్సుఫర్డువారు కనిపెట్టిరి. మఱియు నొక విచిత్రము: పొరుగిండ్లవారు చేమిరి బదులిచ్చుకొనునట్లు సూక్ష్మజీవులు ఈ గుణమును ఒకదానికొకటి ఇచ్చుకొనును. పొదుగులోని స్టాఫైలోకోకస్ మఱింత జాణ. అది కణముల లోపల దాగును, గడ్డకట్టిన కండచాటున నివసించును. కావున ప్రయోగశాలలో లొంగిన మందు సైతము పొదుగులో దానిని చేరలేకపోవచ్చును.

ఒక మందు పనిచేయనిచో మఱియొక గట్టిమందు వేయుదమని మనకు తోచును. అట్లే చేసిరి. పెనిసిలినును త్రుంచు సూక్ష్మజీవులకై 1959లో మెథిసిలిన్ అను మందును చేసిరి. 1961లోనే దానికిని లొంగని స్టాఫైలోకోకస్ ఇంగ్లండులో కనబడినది. 2011లో నచ్చటి శాస్త్రజ్ఞులు ఆవుల పొదుగువాపును పరిశోధించుచు, పాలలో నట్టి సూక్ష్మజీవినే క్రొత్త రూపమున కనుగొనిరి. మనుష్యులయందును అదియే కనబడినది. 2022లో దాని పుట్టుక కొంత తెలిసినది. ఐరోపాలో హెడ్జ్‌హాగ్ అను ఒడలెల్ల ముండ్లు గల చిన్నజంతువు చర్మముపై నొక బూజు పెనిసిలిన్ వంటి పదార్థమును స్వయముగా చేయును. దాని చెంతనే బ్రదుకవలసిన సూక్ష్మజీవి, మనుష్యుడు పెనిసిలినును ఎఱుగకమునుపే, యా కవచమును తొడిగికొనియుండెను. కావున కవచము ప్రాచీనమైనది. దానిని ధరించినవాటికే రాజ్యము కట్టబెట్టుచున్నది మన దుర్వినియోగము.

చిన్ననాట మా నాయనగారు దేవీమాహాత్మ్యములోని రక్తబీజుని కథ చెప్పుచుండగా విన్నది నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్నది. వాని రక్తము బొట్టు నేలపడినచోట నెల్ల వానివంటి రాక్షసుడు లేచుచుండెను. ఎంత గట్టి యాయుధముతో కొట్టిన నంతమంది పుట్టిరి. ఆయుధము మార్చినందువలన వాడు చావలేదు. కాళి తన నాలుక చాచి రక్తము నేల పడనీయనందున చచ్చెను. పొదుగువాపు విషయమున మనము నేర్వవలసిన పాఠము నిదియే. క్రొత్త మందు వెదకుటకంటె సూక్ష్మజీవి చన్నును చేరకుండ చేయుట మేలు. ఆ పని పెద్ద పరిశోధనాలయముల చేతిలో లేదు. పాలు పిదుకు చేతిలో నున్నది. మన యిండ్లలో నా చేయి తఱచుగా స్త్రీదే.

కావున పాడిగల సోదరీమణులు ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను. పిదుకుటకు ముందు చేతులు సబ్బుతో కడిగికొనవలెను. పొదుగును కడిగిన తరువాత పొడిగుడ్డతో తుడువవలెను. ఒక యావునకు వాడిన గుడ్డ మఱియొక యావునకు వాడరాదు. మొదటి రెండు మూడు ధారలు నేలపై విడువక, నల్లగుడ్డ కట్టిన చిన్నగిన్నెలో పిదికి తరకలున్నవేమో చూడవలెను. బొటనవ్రేలు మడిచి కణుపుతో చన్నును నొక్కి లాగుట మన దేశమున తఱచుగా నున్న అలవాటు. దానివలన చన్ను లోపల గాయపడును. నిండు పిడికిట పట్టి పిదుకుటయే తగినది. పిదికిన పిమ్మట పశువైద్యుడు చెప్పిన అయోడిన్ ద్రావణమున చన్నుకొనలను ముంచవలెను. వెంటనే మేత వేసినచో నావు అరగంటసేపు నిలుచుండును. అంతలో చన్నురంధ్రము మూసికొనును. జబ్బుపడిన యావును అన్నింటికంటె కడపట పిదుకవలెను. కొట్టము పొడిగా నుండవలెను.

పైకి వాపు కానరాకయే పొదుగులో రోగముండుట కలదు; పాలు మాత్రము తగ్గుచుండును. దీనిని కనిపెట్టుటకు 1957లో కాలిఫోర్నియాలో నొక సులభమైన పరీక్ష నేర్పఱచిరి. నాలుగు గుంటల పళ్లెములో నాలుగు చన్నుల పాలు వేఱువేఱుగా పట్టి, సబ్బువంటి యొక ద్రవమును సమానముగా కలిపి త్రిప్పినచో, రోగమున్న పాలు జిగటగా గట్టిపడును. ఒక్క నిమిషము పని. పశువైద్యుని అడిగి నేర్చుకొనవచ్చును.

వాపు వచ్చినప్పుడు తఱచుగా పాలు పూర్తిగా పిదికివేయుటయు, వైద్యుని పిలుచుటయు మొదటి కర్తవ్యములు. మన దేశమున జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థవారు కలబంద, పసుపు, సున్నము కలిపి నూఱిన లేపనమును పొదుగుపై పూయుమని చెప్పుచున్నారు. ఆవు మేత మానినను, జ్వరము తగిలినను, కూలబడినను లేపనముతో కాలము గడపరాదు. ఆ యవస్థలో తగిన యాంటీబయాటిక్కు వేయింపకుండుట గూడ ద్రోహమే. మందులే వలదని నేను చెప్పుట లేదు. ఇ. కోలై వంటివి కలిగించు స్వల్పమైన వాపు అనేకసారులు ఆవు సొంతబలముచేతనే తగ్గును. మఱికొన్నింటికి మందు తప్పదు. ఏది యేదో కంటికి తెలియదు, పాల పరీక్షవలన తెలియును. కావున మిగిలిన ట్యూబు దాచి వాడరాదు. మందు ఎన్ని దినములని వైద్యుడు చెప్పిన నన్ని దినములే, తక్కువయు వలదు, ఎక్కువయు వలదు.

ఇక పాల సంగతి. ఒక్క చన్నుకే మందు వేసినను అది రక్తమున చేరి తక్కిన చన్నుల పాలలోనికి రావచ్చును. సూదిమందైనచో చెప్పనక్కఱ లేదు. పాలు కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని మందు చాలవఱకు నిలిచియే యుండును. పెరుగును చేయునవియు సూక్ష్మజీవులే గదా! ఆ మందు వానిని గూడ చంపును. మా పొరుగింటి గిన్నెలో జరిగినది అదియే. అయినను పెరుగు పేరుకొన్నంతమాత్రమున పాలలో మందు లేదనుకొనరాదు. కొద్దిపాటి మందు పెరుగునకు అడ్డురాకపోవచ్చును. పెనిసిలిన్ పడనివారికి పాలలోని కొద్ది మందువలననే దద్దురులు లేవవచ్చును. మందు వేసిన పిమ్మట ఎన్నాళ్లు పాలు వాడరాదో మందుపెట్టెపై నుండును. అట్లు వ్రాసియుండనిచో పాలకు 7 దినములకు తక్కువ కారాదని మన దేశమున 2012లో నిబంధన చేసిరి. ఆ పాలు దూడకును పోయరాదు. దూడ ప్రేవులలో మందునకు లొంగని సూక్ష్మజీవులు పెంపొందును.

మందులు తగ్గించినచో పాడి పాడగునేమోయని భయపడువారు హాలెండు దేశమును చూడవచ్చును. అచ్చట 2009లో పశువులకు అమ్ముడైన యాంటీబయాటిక్కులతో పోల్చగా 2013 నాటికి సగమునకు పైగా తగ్గించిరి. వట్టిపోయిన ప్రతియావు పొదుగులోను ముందుజాగ్రత్తకని మందు నింపు నలవాటును మాని, రోగమున్నవానికే వేయసాగిరి. అచ్చటి పాడి కూలిపోలేదు. 2022 జనవరి 28 నుండి ఐరోపా సమాఖ్య అంతటను అట్టి వాడుకను చట్టముచే నిషేధించిరి. మన దేశమును 2019లో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని నిషేధించినది. అది మనుష్యులకు కడపటి యాధారమైన మందు.

2019లో మందులకు లొంగని సూక్ష్మజీవులవలననే లోకమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల యంచనా. ఈ దోషమంతయు పశుశాలదేయనుట న్యాయము కాదు. మనుష్యుల వైద్యములోని దుర్వినియోగమునకు ఇందులో పెద్దపాలు కలదు. జ్వరము వచ్చినంతనే దుకాణమున మాత్రలు కొని, రెండు మ్రింగి, తక్కినవి దాచుకొను నలవాటు ఏ యింట లేదు? పశువునకు చేసిన తప్పే పిల్లలకును చేయుచున్నాము.

ఆనాటి సాయంకాలము నేను పొరుగింటికి పోయి, అత్తగారి యెదుటనే, "మీ కోడలి చేయి దోషము కాదు, మా పాల దోషము. మందు వేసిన పాలు మీకు పోసితిని" అని చెప్పితిని. ఆ మూడు దినముల పాల వెల తీసికొనలేదు. గడువు తీరువఱకు గేదెపాలు పోసితిమి. ఆ పెద్దామె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "నాతో చెప్పితివి. దానితోను చెప్పుము" అని వంటయింటివైపు చూపెను. కోడలు లోపల గిన్నె తోముచున్నది. చెప్పితిని. గడువు తీరి మఱల నావుపాలు పోసిన మఱునాటి యుదయమున నామె మూత తీసిన పెరుగుగిన్నె చేతబట్టుకొని మా పెరటి తలుపుకడకు వచ్చి, మాటాడక చూపి పోయినది. కత్తితో కోసినట్లు పేరుకొనియున్నది.